విండోస్ కొత్తగా వేశాక కంప్యూటరును సిద్ధం చేసుకునే నాలుగు దారులు: ఎవరికి ఏది తగును

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టించి విండోస్ 11 వేయించుకోవడం, లేదా పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టించి దాని మీద కొత్తగా ఓఎస్ ఎక్కించుకోవడం విశాఖపట్నంలో ఇళ్లకూ చిన్న దుకాణాలకూ మామూలు పనైపోయింది. విండోస్ వేయడం పెద్ద పని కాదు. రీసైకిల్ బిన్, ఎడ్జ్ తప్ప ఏమీ కనిపించని ఆ ఖాళీ యంత్రాన్ని మన అవసరాలకు తగినట్టు తీర్చుకోవడం ఎలాగన్న దగ్గరే చాలామంది తటపటాయిస్తారు.

అందుకు నాలుగు దారులున్నాయి. సర్వీసు షాపులో అన్నీ వేయించుకోవచ్చు. ఒక్కొక్క సాఫ్ట్‌వేర్‌నూ దాని అధికారిక సైటు నుంచి తెచ్చి స్వయంగా వేసుకోవచ్చు. నైనైట్, వింగెట్ వంటి సాధనాలతో అన్నిటినీ ఒకేసారి వేసుకోవచ్చు. ముందే తీసి దాచుకున్న సిస్టమ్ ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) ఉంటే దాన్నే తిరిగి ఎక్కించుకోవచ్చు.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

ఈ విషయంలో సలహా కోరేవారు మొదట అడిగేది ఎంతసేపు పడుతుందని, ఆ తరువాత ఎంత అవుతుందని. నా ఉద్దేశంలో ఆ రెండూ చివర చూడవలసినవి. కంప్యూటరులోకి వచ్చిన ప్రతి ప్రోగ్రామూ ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుస్తుందా లేదా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలి. ఫార్మాట్ అయిన యంత్రం ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉంటుంది. ఎక్కడిదో తెలియని ఇన్‌స్టాలరు ఒక్కటి లోపలికి వచ్చినా ఫార్మాట్ చేసిన ప్రయోజనమే పోతుంది. రెండోది లైసెన్సు: విండోస్, ఆఫీస్, ట్యాలీ వంటివి చట్టబద్ధంగా మీ పేరున, మీ అకౌంటులో ఉన్నాయా అన్నది. మూడోది, రేపు డిస్కు పాడైతే ఇదే స్థితికి మళ్లీ ఎంత తేలిగ్గా రాగలరన్నది. నాలుగోది తెలుగు, అంటే కీబోర్డు, ఫాంట్లు, పాత ఫైళ్లు. వీటి తరువాతే సమయం, మొబైల్ డేటా, డబ్బు.

దారి ఏదైనా డ్రైవర్ల పని, అంటే వైఫై, సౌండు వంటి భాగాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు వేయడం, ఒక్కటే. కొత్తగా వేసిన విండోస్‌కు వైఫై డ్రైవరు దొరకకపోతే కంగారు పడనక్కర లేదు. ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వస్తుంది. విండోస్ అప్‌డేట్‌ను పూర్తిగా నడవనిచ్చి, రీస్టార్ట్ చేసి, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో మిగిలిన డ్రైవర్లు కూడా తీసుకోవాలి. ఆ తరువాత కూడా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉంటే ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబరుతో తయారీ కంపెనీ సైటులోనే వెతకాలి. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో వేస్తామని చెప్పే మూడో పక్షం అప్‌డేటర్లను మాత్రం ఏ దారిలోనూ దగ్గరికి రానివ్వవద్దు. వాటితో తీరే అవసరం పై రెండు పద్ధతులతోనే తీరుతుంది.

## మొదటి దారి: సర్వీసు షాపు

కంప్యూటరు పనులు తెలియనివారికి, చేతిలో సమయం లేనివారికి ఇది సహజమైన దారి. పని తెలిసిన, నిజాయితీగా చేసే టెక్నీషియన్లు నగరంలో ఎందరో ఉన్నారు. డిస్కు అసలు కనిపించకపోవడం, ర్యామ్ పోవడం వంటి హార్డ్‌వేర్ చిక్కులలో వారి సాయం తప్పనిసరి కూడా. అయితే షాపుల్లో బలపడిన అలవాట్లు కొన్ని ఉన్నాయి. వాటిని తెలుసుకుని, ముందే అడ్డు చెప్పగలిగినవారికే ఈ దారి క్షేమం.

మొదటిది ఎడిషన్ (విండోస్‌లో హోమ్, ప్రో వంటి రకం) మార్చడం. విండోస్ 8 కాలం నుంచి విండోస్‌తో కలిపి అమ్మిన ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఎడిషన్‌తో వచ్చిన యంత్రంలో పెన్‌డ్రైవ్‌లో ఉన్నది కదా అని ప్రో వేస్తే ఆ కీ దానికి పనికిరాదు. అప్పుడు యాక్టివేటర్ అనే క్రాక్ ప్రోగ్రామును నడుపుతారు. అది నడవడానికి విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ అడ్డు వస్తుంది కాబట్టి దాన్ని ఆపుతారు, లేదా ఆ ఫోల్డరును తనిఖీ నుంచి మినహాయిస్తారు. డబ్బు పెట్టి కొన్న అసలు లైసెన్సు యంత్రంలోనే ఉండగా, దొంగ యాక్టివేషన్‌తో, కాపలా తీసేసిన సిస్టమ్‌తో మనిషి ఇంటికి వెళ్లడం నిజంగా బాధ కలిగించే విషయం.

కాబట్టి షాపు నుంచి తెచ్చుకున్న రోజే రెండు చోట్ల చూడండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, పేజీ చివరన ఉన్న ఎక్స్‌క్లూజన్స్ జాబితాలోకి వెళ్లండి. కొత్తగా వేసిన సిస్టమ్‌లో ఆ జాబితా ఖాళీగా ఉండాలి. అక్కడ సీ డ్రైవ్ మొత్తం గాని, మీరు ఎరగని ఫోల్డరు గాని కనిపిస్తే అదెందుకు పెట్టారో అడగవలసిందే. రెండోది, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో ఎస్ఎల్ఎంజీఆర్, ఒక ఖాళీ, స్లాష్, ఎక్స్‌పీఆర్ (slmgr /xpr) అని ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేసి ఎంటర్ నొక్కండి. శాశ్వతంగా యాక్టివేట్ అయినట్టు రాకుండా ఆరు నెలల లోపు గడువు తేదీ వస్తే, అది 180 రోజులకోసారి కొత్త చేసుకోవలసిన సంస్థాగత యాక్టివేషన్. ఇంటి కంప్యూటరులో దానికి చోటు లేదు.

ఇంకొక విషయం అంతగా ఎవరూ పట్టించుకోనిది. విండోస్ 11 మొదలుపెట్టేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంటు అడుగుతుంది. 24హెచ్2 వెర్షన్ నుంచి, తగిన హార్డ్‌వేర్ ఉన్న కంప్యూటర్లలో, ఆ అకౌంటుతో కొత్తగా మొదలుపెడితే బిట్‌లాకర్ అనే విండోస్ సదుపాయంతో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనిదే చదవడానికి వీలు లేకుండా మారుతుంది. 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంటులోకి చేరుతుంది. పని త్వరగా తేలాలని టెక్నీషియన్ తన అకౌంటుతోనో, షాపు అకౌంటుతోనో లాగిన్ అయితే మీ డిస్కు తాళంచెవి వారి దగ్గర ఉండిపోతుంది. అందుకే ఆ మెట్టు దగ్గర మీరు పక్కన ఉండి మీ ఈమెయిలుతో లాగిన్ అవ్వండి. లేదా ఆ తెర వచ్చేవరకే చేసి ఇమ్మని చెప్పి మిగతాది ఇంట్లో పూర్తి చేసుకోండి.

## రెండో దారి: ఒక్కొక్కటిగా స్వయంగా

సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి వచ్చిందో అక్షరాలా తెలిసే దారి ఇదే. ఇంటి వాడకానికి కావలసినవి పది లోపే ఉంటాయి: బ్రౌజరు, వీఎల్‌సీ, 7-జిప్, ఆఫీసు పనికి లిబ్రెఆఫీస్ లేదా కొనుక్కున్న మైక్రోసాఫ్ట్ ఆఫీస్, ప్రింటరు సాఫ్ట్‌వేర్, వాట్సాప్, జూమ్ వంటివి. యాంటీవైరస్ వేరుగా వేయాలా అన్న ప్రశ్నకు, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి చాలుననే నా సమాధానం.

ప్రమాదమల్లా వెతుకులాటలోనే ఉంది. ప్రోగ్రాము పేరు సెర్చ్‌లో కొట్టగానే పైన ప్రకటనగా వచ్చే లింకు అసలు సైటుది కాకపోవచ్చు. పచ్చటి పెద్ద డౌన్‌లోడ్ బొత్తం పక్కన అసలు లింకు చిన్న అక్షరాలతో ఉండవచ్చు. చిరునామాను చదివి నిర్ధారించుకునే అలవాటు ఉన్నవారే ఈ దారి పట్టాలి. రోజుకు 2 జీబీ మొబైల్ డేటా మీద నడిచేవారికి ఇందులో ఒక లాభం ఉంది. ఏ రోజుకు ఏది అవసరమో అదే దించుకోవచ్చు, విండోస్ సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను మీటర్డ్ అని గుర్తు పెడితే అప్‌డేట్లు డేటా మొత్తాన్ని మింగేయకుండా ఉంటాయి.

ల్యాప్‌టాప్‌తో పాటు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ వచ్చినవారు దాన్ని మరిచిపోయి క్రాక్ చేసినది వేయించుకోవడం తరచుగా చూస్తుంటాం. కొన్నప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ అకౌంటుకు దాన్ని కలిపారో ఆ అకౌంటులోకి వెళ్తే అదే ఆఫీస్ మళ్లీ ఉచితంగా దించుకోవచ్చు.

## మూడో దారి: ఒకేసారి అన్నీ

నైనైట్ సైటులో కావలసిన ప్రోగ్రాములకు టిక్కులు పెడితే ఒక చిన్న ఇన్‌స్టాలరు వస్తుంది. అది నడిచి, ప్రతిదాని తాజా వెర్షన్‌నూ దాని సొంత సైటు నుంచి తెచ్చి, మధ్యలో తగిలే టూల్‌బార్లకూ అదనపు ప్రోగ్రాములకూ వద్దని తానే చెప్పి, పని ముగిస్తుంది. ఇంట్లో సొంత వాడకానికి ఉచితం. అదే ఫైలును కొన్నాళ్ల తరువాత మళ్లీ నడిపితే అప్పటికి పాతబడినవి అప్‌డేట్ అవుతాయి. ఇంత తేలికైన పద్ధతి ఉండగా ఒక్కొక్కటిగా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. నైనైట్ జాబితాలో ఉన్నవాటికే ఇది వర్తిస్తుందన్నదే దాని హద్దు.

వింగెట్ విండోస్ 11లోనే ఉంటుంది. టెర్మినల్ తెరిచి ఆజ్ఞలు టైపు చేయాలి కాబట్టి అలవాటు లేనివారికి మొదట బెరుకుగా ఉంటుంది. అయితే దాని జాబితా నైనైట్‌కన్నా ఎన్నో రెట్లు పెద్దది. దించిన ప్రతి ఫైలునూ ముందే నమోదైన హ్యాష్‌తో (ఫైలుకు వేలిముద్ర వంటి గుర్తుతో) సరిపోల్చి, తేడా ఉంటే వేయకుండా ఆగిపోతుంది. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చేది ఎక్స్‌పోర్ట్ ఆజ్ఞ. ప్రస్తుత కంప్యూటరులో తన జాబితాకు చెందినవి ఏమేమి ఉన్నాయో ఒక చిన్న ఫైలుగా రాసి ఇస్తుంది. రేపు ఫార్మాట్ అయ్యాక ఇంపోర్ట్ ఆజ్ఞకు ఆ ఫైలును చూపిస్తే అవన్నీ వరుసగా వేసుకుపోతుంది. ఆ ఫైలును ఈమెయిలులో మీకు మీరే పంపుకుని ఉంచుకుంటే చాలు.

ఇది ప్రోగ్రాములను తెస్తుందే గాని వాటి సెట్టింగులను తేదు, బుక్‌మార్కులను తేదు, లైసెన్సు కీలను తేదు. ప్రింటరు, బయోమెట్రిక్ పరికరం, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వంటి వాటి సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ చేత్తోనే వేసుకోవాలి.

## నాలుగో దారి: సిస్టమ్ ఇమేజ్

ఇమేజ్ అంటే డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా, విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులు, ఫాంట్లు, లైసెన్సులతో సహా తీసి పెట్టుకున్న నకలు. ఇమేజ్ తీసే సాధనాలలో క్లోన్‌జిల్లా ఉచితం, నమ్మదగినది. అయితే అన్నీ అక్షరాల తెరలే, ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకు అన్న చోట పొరపడితే ఉన్నదంతా చెరిగిపోతుంది. మౌసుతో నడిచే రెస్క్యూజిల్లా కొత్తవారికి మేలు. రెండూ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి పనిచేస్తాయి. డిస్కు బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే అవి లోపలి ఫైళ్లను చదవలేక ఖాళీ భాగంతో సహా డిస్కు మొత్తాన్ని నకలు తీస్తాయి. ఇమేజ్ చాలా పెద్దదవుతుంది. ఇమేజ్ తీసే ముందు ఎన్‌క్రిప్షన్ తీసేసి, తీశాక మళ్లీ పెట్టుకోవాలి.

విండోస్ 10లో ఉండగా తీసిన ఇమేజ్ ఎక్కిస్తే విండోస్ 10 తిరిగి వస్తుంది. వైరస్ చేరాక తీసినది ఎక్కిస్తే వైరస్ కూడా వస్తుంది. మదర్‌బోర్డు మారితే యాక్టివేషన్, డ్రైవర్ల ఇబ్బందులు తప్పవు. కనుక ఇది ఈసారి సెటప్‌కు దారి కాకపోవచ్చు. పై మూడింటిలో ఏదో ఒక దారిన సిస్టమ్‌ను సిద్ధం చేసి, సొంత ఫైళ్లు ఇంకా నింపకముందే ఇమేజ్ తీసి పెట్టుకుంటే, తరువాతిసారికి ఇంతకు మించిన దారి మరొకటి లేదు.

| కొలత | షాపు | ఒక్కొక్కటిగా | నైనైట్, వింగెట్ | ఇమేజ్ |
|---|---|---|---|---|
| మూలం తెలియడం | అడిగి తెలుసుకోవాలి | పూర్తిగా తెలుస్తుంది | తెలుస్తుంది | తీసిన నాటి స్థితిని బట్టి |
| లైసెన్సు శుద్ధి | తనిఖీ తప్పనిసరి | మీ చేతిలో | మీ చేతిలో | ఉన్నది ఉన్నట్టు |
| మళ్లీ చేయడం | మళ్లీ షాపుకే | మొదటి నుంచీ | ఒక ఫైలుతో | అన్నిటికన్నా త్వరగా |
| తెలుగు సెటప్ | చెప్పి చేయించాలి | స్వయంగా | స్వయంగా | అంతా తిరిగి వస్తుంది |
| మొబైల్ డేటా | అవసరం లేదు | విడతలుగా | ఒకేసారి ఎక్కువ | దాదాపు లేదు |

## తెలుగు పని ఉన్నవారికి

ఈ అంశం మీద విడిగా రాయడానికి కారణం ఉంది. బ్రౌజరు, వీఎల్‌సీ ఎవరు వేసినా ఒకటే. తెలుగు సెటప్ మాత్రం వాడే మనిషిని బట్టి మారుతుంది. టెక్నీషియనూ నైనైటూ దాన్ని పట్టించుకోరు.

ఉత్తరాలు, వాట్సాప్ సందేశాలు, యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే ప్రామాణిక అక్షరాల పద్ధతి) వ్యాసాలు రాసేవారికి బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కరలేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తెలుగును చేర్చుకుంటే కీబోర్డు వస్తుంది. ఇంగ్లిషు అక్షరాల ఉచ్చారణతో టైపు చేసేవారు ఆ భాష ఆప్షన్లలోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డును కలుపుకోవాలి. 2019 నుంచి అది విండోస్‌లోనే ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు లేఅవుట్ నేర్చినవారికి అదీ అక్కడే దొరుకుతుంది. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే ఇంగ్లిషుకూ తెలుగుకూ మధ్య మారవచ్చు.

పాత వర్డ్ ఫైళ్లు గౌతమి ఫాంటులో ఉన్నవారు ఒక మెట్టు అదనంగా వేయాలి. కొత్త విండోస్‌లో తెలుగు నిర్మల యూఐ ఫాంటుతో కనిపిస్తుంది. గౌతమి, వాణి ఫాంట్లు ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్న పేరుతో విడిగా ఉంటాయి. అవి వేయకుండా పాత ఫైలు తెరిస్తే అక్షరాలు చదవడానికి వస్తాయి గాని పంక్తులు జరిగి, పేజీలు విరిగి, పట్టికలు తప్పుతాయి.

శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపుల పరిస్థితి పూర్తిగా వేరు. అను ఫాంట్లతో, యాపిల్ కీబోర్డు లేఅవుట్‌తో, పేజ్‌మేకర్‌లో ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫార్మాట్‌కు ముందే ఫాంట్స్ ఫోల్డరును విడిగా కాపీ చేసుకోవాలి, సాఫ్ట్‌వేర్ సీడీనీ కీనీ వెతికి పెట్టుకోవాలి. పాత సిస్టమ్ నడుస్తుండగానే ఇమేజ్ తీసి ఉంచుకుంటే, కొత్తదానిలో ఏదైనా మొరాయించినప్పుడు పాత స్థితికి వెళ్లి ఒప్పుకున్న పని పూర్తి చేసి ఇవ్వవచ్చు. ఈ వృత్తిలో ఉన్నవారికి నాలుగో దారి తప్పనిసరి అంటాను.

## మీరు ఎవరైతే ఏది

ఉక్కునగరంలోనో, కూర్మన్నపాలెంలోనో ఉద్యోగ విరమణ చేసి స్థిరపడి, బ్యాంకు పనులకూ ఫొటోలకూ పిల్లలతో వీడియో కాల్స్‌కూ మాత్రమే కంప్యూటరు వాడే పెద్దలకు నా సలహా ఇది: విండోస్ వరకు షాపులో వేయించుకోండి, మిగతాది మీ అబ్బాయితోనో అమ్మాయితోనో చేయించుకోండి. వారు ఏ దేశంలో ఉన్నా విండోస్‌లోని క్విక్ అసిస్ట్ ద్వారా, వారు చెప్పిన కోడ్ మీరు కొట్టి అనుమతిస్తే, మీ తెరను తమ దగ్గర నుంచే చూస్తూ నైనైట్ నడిపించగలరు. మీకై మీరు ఫోన్ చేసి మాట్లాడిన మీ మనిషి చెప్పిన కోడ్ తప్ప, బ్యాంకు నుంచో మైక్రోసాఫ్ట్ నుంచో అంటూ ఎవరు ఫోన్ చేసి చెప్పినా కొట్టవద్దు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల్లోనో చదువుతూ హాస్టల్లో ఉండేవారికి వింగెట్ నేర్చుకోవడం చదువులో భాగమే. పైథాన్, జావా, గిట్, వీఎస్ కోడ్ అన్నీ దాని జాబితాలో ఉన్నాయి. రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవారు సొంత యంత్రానికి ఇదే వాడవచ్చు; కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను మాత్రం కంపెనీ ఐటీ విభాగానికే వదిలేయాలి.

ట్యాలీ, జీఎస్‌టీ పనులు చేసే అకౌంటెంట్లకు రెండో దారి మేలు. వారికి ప్రోగ్రాములు కొద్ది, కాని ప్రతిదానికీ లైసెన్సో టోకెనో ముడిపడి ఉంటుంది. ట్యాలీ లైసెన్సును ఫార్మాట్‌కు ముందే సరెండర్ చేసుకుంటే, అంటే పాత సిస్టమ్ నుంచి విడిపించుకుంటే, కొత్త సిస్టమ్‌లో యాక్టివేషన్ చిక్కులు ఉండవు. ట్యాలీ డేటా ఫోల్డరు మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా కాపీ చేశాకే డిస్కు ముట్టుకోనివ్వాలి. నాలుగైదు కంప్యూటర్లున్న నెట్ సెంటర్లకు ఒకే వింగెట్ ఫైలు అన్నిటికీ పనికొస్తుంది.

ఎవరైనా సరే, సెటప్ ముగిశాక తీసిన ఇమేజ్‌ను కంప్యూటరు ఉన్న గదిలోనే పెట్టవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీదుగా తీరం దాటినప్పుడు ఇళ్లలోకి నీరు చేరి, రోజుల తరబడి కరెంటు లేక గడపడం మనకు తెలిసినదే; ఒకే గదిలో ఉన్న అసలూ నకలూ ఒకే నీటిలో తడుస్తాయి. ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఇంట్లో ఉంచి, ఇంకొకటి ఊరిలోనే మరోచోట ఉండే బంధువుల ఇంట్లో ఉంచండి. బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసి రెండో డ్రైవ్‌తో కాకుండా విడిగా దాచండి. ఇమేజ్ తీసిన వెంటనే రెస్క్యూజిల్లాలోని వెరిఫై ఆప్షన్‌ను ఒకసారి నడిపి, అది చెడిపోకుండా ఉందని తేల్చుకున్న తరువాతే పాత డిస్కును ఇతర పనులకు వాడుకోండి.